‘కల్పం’ అంటే ఏ కల్పం? ఇయాన్‌కు సరైన తెలుగు మాట చెప్పగలరా?

మాది చీమకుర్తి. తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి సైన్సు ప్రదర్శన కోసం మా ఊరి గెలాక్సీ రాయి మీద చార్టు తయారుచేస్తోంది. వ్యాపారంలో అందరూ గ్రానైట్ అంటారు గానీ అది నిజానికి గాబ్రో జాతి రాయి. అందులో మెరిసే బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజానివి. ఇంతవరకు ఇబ్బంది లేదు. అది ప్రొటెరోజోయిక్ ఇయాన్‌లో పుట్టిందని రాయాల్సి వచ్చేసరికి చిక్కు మొదలైంది.

ఇయాన్ అంటే భూమి చరిత్రలో అన్నిటికన్నా పెద్ద విభాగం కదా అని ‘కల్పం’ అని రాయమన్నాను. మా నాన్నగారు వెంటనే పట్టుకున్నారు. “కల్పమంటే బ్రహ్మకు ఒక పగలు, 432 కోట్ల సంవత్సరాలు. సంకల్పంలో శ్వేతవరాహకల్పే అని రోజూ చెప్పుకుంటున్నాం. నీ ప్రొటెరోజోయిక్ 250 కోట్ల ఏళ్ల కిందట మొదలై 54 కోట్ల దగ్గరే ముగిస్తే అది కల్పమెలా అవుతుంది?” నా దగ్గర జవాబు లేదు. పైగా ఆరు వేదాంగాల్లో ఒకదాని పేరూ కల్పమేనట, అది యజ్ఞాల పద్ధతి చెప్పే శాస్త్రం. మా ఆవిడకైతే కాయకల్ప చికిత్స గుర్తొచ్చింది!

భూగర్భశాస్త్రం తెలుగులో చదివినవారు, బోధించినవారు ఎవరైనా ఉంటే చెప్పండి. ఇయాన్, దానిలోపల వరసగా చిన్నవయ్యే కాల విభాగాలు ఎరా, పీరియడ్, ఎపోక్ – ఈ నాలుగింటికీ మీ తరగతిలో ఏ మాటలు వాడారు? అన్నిటికీ ‘యుగం’ అంటే కలియుగంతో మళ్లీ ఇదే తగాదా. లేక ఇయాన్ అనే ఉంచేయడం మేలా? చార్టు శుక్రవారం ఇవ్వాలి.