మందస కొండల దిగువన కనిపించిన మొక్క సర్పగంధేనా?

ప్రశ్న: మందస ప్రాంత ఉపాధ్యాయిని

మహేంద్రగిరి నుంచి మా మండలం వైపు దిగే ఒక గెడ్డకు (వాగుకు) కాస్త ఎగువన, వెదురు పొదలకూ మద్దిచెట్లకూ మధ్య నీడలో ఒక చిన్న మొక్క కనిపించింది. మోకాలి ఎత్తుకు మించి లేదు. కణుపుకు మూడేసి ఆకులున్నాయి, పైభాగం నిగనిగలాడే ముదురాకుపచ్చ, అడుగు పాలిపోయిన ఆకుపచ్చ. కొమ్మ చివర తెల్లని పూలగుత్తి ఉంది. పూలకాడలు మాత్రం కుంకుమ ఎరుపు. రాలిన పూల చోట పచ్చికాయలూ, ఒకటి రెండు నల్లని పండ్లూ ఉన్నాయి. దగ్గరలోని సవర గూడెంలో పెద్దలు దీని వేరు పాముకాటుకు వాడేవారమని చెప్పారు.

ఇలాంటిదే అనిపించే మరో మొక్క మా ఊరి చెరువుగట్టు మీద ఎండలో గుంపులు గుంపులుగా ఉంది, దానికి కణుపుకు నాలుగాకులు. రెండూ ఒకటేనా? వేరు తవ్వి చూడమని కొందరు సలహా ఇచ్చారు గానీ, నాకు మనసొప్పలేదు. తవ్వకుండా తేల్చుకునే మార్గం ఉంటే పెద్దలు తెలియజేయగలరు.

జవాబు: విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకుడు, విజయనగరం

అమ్మా, మీరు తవ్వకపోవడమే మంచిదయింది. తవ్వితే మొక్క చస్తుంది, పైగా గుర్తింపుకు కావలసిన లక్షణాలన్నీ నేలపైనే ఉన్నాయి.

మీ వర్ణన సర్పగంధికి, అంటే రావోల్ఫియా సర్పెంటినాకు, బాగా సరిపోతోంది. చెరువుగట్టు మీది మొక్క బహుశా దాని దగ్గరి బంధువైన రావోల్ఫియా టెట్రాఫిల్లా. అది అమెరికా ఉష్ణమండలం నుంచి మన దేశానికి వచ్చి, రోడ్ల పక్కనా కాలువగట్ల మీదా స్థిరపడిన మొక్క. రెండింటికీ తుంచితే పాలు వస్తాయి కాబట్టి పాలను బట్టి నిర్ణయించడం కుదరదు. ఆకుల లెక్క ఒక్కటే చూసినా పొరపాటు జరుగుతుంది, ఎందుకంటే సర్పగంధికి కూడా అప్పుడప్పుడు నాలుగాకుల కణుపులు వస్తాయి. ఆ నాలుగింటి పరిమాణం చూడండి: టెట్రాఫిల్లాలో ఒకే కణుపు దగ్గర రెండు పెద్దవి, రెండు బాగా చిన్నవి ఉంటాయి, లేత భాగాలపై సన్నని నూగు చేతికి తగులుతుంది. సర్పగంధి ఆకు నున్నగా ఉంటుంది.

అన్నిటికన్నా నమ్మదగినది పువ్వు. సర్పగంధి పువ్వుకు సన్నని పొడవైన గొట్టం ఉంటుంది. అది గులాబీ లేదా ఎరుపు ఛాయతో మధ్యకు కాస్త పైన ఉబ్బి, చివర తెల్లని రేకులుగా విచ్చుకుంటుంది. పూలు రాలాక కూడా కాడలూ రక్షక పత్రాలూ ఎర్రగానే నిలిచి, దూరం నుంచి అదే ఒక పువ్వు అన్న భ్రమ కలిగిస్తాయి. టెట్రాఫిల్లా పువ్వు చిన్నది, మీగడ రంగుది, గొట్టం పొట్టిది. రెండింటిలోనూ పండు పచ్చ నుంచి ఎరుపుకు, ఎరుపు నుంచి నలుపుకు మారుతుంది.

మన కొండల్లో కణుపుకు మూడాకులు ఉండే గంటుభారంగి కూడా ఉంది గానీ, దాని ఆకు అంచుకు రంపపు పళ్ళుంటాయి, పాలు రావు, పూలు నీలిఛాయలో ఉంటాయి. దానితో తికమక పడే అవకాశం తక్కువ.

జవాబు: అటవీ ఉత్పత్తులు సేకరించే కుటుంబానికి చెందినవాడిని, మెళియాపుట్టి వైపు

మాస్టారు మొక్కను వివరించారు కాబట్టి నేను చోటు గురించి చెబుతాను. కొండవాలులో, నీరు నిలవకుండా జారిపోయే చోట, ఆకు కుళ్ళి నల్లబడిన మెత్తని మన్నులో, పై చెట్ల సందుల్లోంచి చుక్కలు చుక్కలుగా ఎండ పడే తావున ఇది పెరుగుతుంది. అడవి నరికి పోడు చేసినా, జీడితోట వేసినా మన్ను ఎండిపోయి ఇది తట్టుకోలేదు. లంటానా పొదలు కమ్మేసిన చోట కూడా నేను దీన్ని చూడలేదు. కాబట్టి మీరు చూసిన రెండు చోట్లలో ఏది సర్పగంధికి తగినదో నేలే చెబుతుంది.

ఇది అరుదైపోవడానికి అసలు కారణం దాని వేరు. తీగలా మెలికలు తిరిగిన ఆ వేరు కోసం దళారులు వస్తారు, మొక్కను మొత్తంగా పెకలించకుండా వేరు రాదు. వేరు చేతికి అందేంతగా పెరగాలంటే ఏళ్ళు పడుతుంది, తవ్వడానికి ఒక గునపపు పోటు చాలు. గింజ రాలకముందే తవ్వితే ఆ తావులో మళ్ళీ మొలక ఉండదు. మా పెద్దలు పండు రాలేదాకా ముట్టుకునేవారు కాదు, తవ్వినా వేరు ముక్క ఒకటి మట్టిలో వదిలేవారు. బయటి నుంచి వచ్చినవారికి ఆ పట్టింపు లేదు. దయచేసి ఆ చోటు పేరు ఇక్కడ రాయకండి. ఫోన్‌తో తీసిన ఫోటోలో లొకేషన్ దాగి ఉంటుంది, దాన్ని తీసేశాకే ఎవరికైనా పంపండి.

జవాబు: విశ్రాంత అధ్యాపకుడు

ఈ సోదరుడు చెప్పిన గిరాకీకి చరిత్ర ఉంది. 1949లో డాక్టర్ రుస్తుం జాల్ వకీల్ రక్తపోటుపై ఈ వేరు పనితీరును బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో వివరించారు. 1952లో స్విట్జర్లాండ్‌కు చెందిన సీబా సంస్థ శాస్త్రవేత్తలు దాని నుంచి రక్తపోటును తగ్గించే పదార్థమైన రిసర్పిన్‌ను వేరు చేశారు. ఆ తర్వాత ప్రపంచమంతా మన అడవుల వైపు చూసింది. 1990 నుంచి ఈ మొక్క అంతర్జాతీయ వ్యాపారం సైటిస్ (అంతరించే ముప్పున్న జీవుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధం కింద నియంత్రణలో ఉంది. ఒక హెచ్చరిక కూడా తప్పనిసరి: ఈ వేరు పాము విషానికి విరుగుడు కాదు. కాటు పడితే వెంటనే ఆసుపత్రికి వెళ్ళి విరుగుడు ఇంజక్షన్ వేయించుకోవాలి. రక్తపోటుకు సొంతంగా నూరి తాగినా ప్రమాదమే, అది రక్తపోటును మితిమీరి తగ్గించగలదు, మనసును కుంగదీయగలదు.

ప్రశ్న వేసినవారు

మళ్ళీ వెళ్ళి చూశాను. ఆకు నున్నగా ఉంది, పువ్వు గొట్టం పొడవుగా ఎర్రఛాయలో ఉంది, కాడలు ఎర్రనివే. చెరువుగట్టు మొక్కలో మాత్రం రెండు పెద్దాకులు, రెండు చిన్నాకులు, వాటిపై నూగు స్పష్టంగా కనిపించాయి. అడవిలో ఉన్నదాని గింజలు తెచ్చి బడి తోటలో పెంచవచ్చా?

జవాబు: నర్సరీ నిర్వాహకుడు, శృంగవరపుకోట

అడవి నుంచి గింజ తేవద్దమ్మా, అక్కడ రాలవలసింది అక్కడే రాలనివ్వండి. ఔషధ మొక్కల నర్సరీలో నారు దొరుకుతుంది. గింజతోనే మొదలుపెట్టాలంటే నర్సరీ నుంచే తాజా గింజ తెచ్చుకుని, నీటిలో వేసి తేలినవి తీసేసి, మునిగినవే విత్తండి. అయినా మొలక శాతం తక్కువే. నీడ పడే చోటు, నీరు నిలవని మడి, బాగా ఆకుమన్ను అవసరం.

జవాబు: విశ్రాంత అధ్యాపకుడు

పువ్వు చూశారు కాబట్టి ఇక సందేహం లేదు, అది సర్పగంధే. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం స్థానిక సంస్థల్లో జీవవైవిధ్య యాజమాన్య కమిటీలు ఉంటాయి. మీ పంచాయతీ కమిటీ వద్ద ఉండే ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులో ఈ మొక్కను నమోదు చేయించండి, కచ్చితమైన తావును మాత్రం అటవీ అధికారికే చెప్పండి. పువ్వు, ఆకు అడుగుభాగం, కణుపు, పండు, చుట్టూ ఉన్న చెట్లు కనిపించేలా విడివిడిగా తీసిన ఫోటోలు నమోదుకు చాలు, కొమ్మ తుంచనక్కరలేదు.