అప్‌డేట్: దవడ సిస్టుకి బయాప్సీ రిపోర్టు వచ్చింది

నాన్నకి కింది జ్ఞానదంతం చుట్టూ ఓపీజీలో (దవడ మొత్తం కనిపించే ఎక్స్‌రే) నల్లగా కనిపిస్తోంది, పన్ను పీకేస్తే సరిపోతుందా అని పోయిన నెల అడిగాను. సరిపోదు. కడపలో సీబీసీటీ (దవడ 3డీ స్కాన్) తీస్తే ఆ సిస్టు (ఎముకలో సంచిలాంటి గడ్డ) కింది పెదవికి స్పర్శనిచ్చే నరం కాలువను ఆనుకుని ఉందని తెలిసింది.

కోసే ముందు లావు సూదితో లాగి చూశారు. రక్తం ఉరికొస్తే అక్కడే ఆపాలి, అది రక్తనాళాల గడ్డ కావచ్చు. ఇక్కడ వచ్చింది విరిగిన పాలలాంటి తెల్లటి ముద్ద, అంటే కెరాటిన్ (గోళ్లలో, జుట్టులో ఉండే ప్రొటీనే). ఎక్స్‌రేలో అచ్చం డెంటిజెరస్ సిస్టే (బయటికి రాని పన్ను చుట్టూ ఏర్పడేది), బయాప్సీలో మాత్రం ఓకేసీ (ఓడోంటోజెనిక్ కెరాటోసిస్ట్, లోపల కెరాటిన్ నిండే దవడ సిస్టు). దీని పొర మరీ పలచన. తీసేటప్పుడు చిరిగి చిన్న ముక్క మిగిలినా మళ్లీ పెరుగుతుంది.

అందుకే ముందు సిస్టుకి కిటికీ కోసి (నోట్లోకి తెరుచుకునేలా రంధ్రం పెట్టి), అయోడోఫామ్ (క్రిములు పెరగకుండా ఆపే మందు) పట్టించిన గాజుగుడ్డ కుక్కారు. గుడ్డ తీశాక రోజూ 20 ఎంఎల్ సిరంజితో, సూది లేకుండా, సెలైన్ కొట్టి కడగాలి. మానేస్తే కిటికీ మూసుకుపోతుంది, చేసిందంతా వృథా. కొన్ని నెలలకు సిస్టు కుంచించుకుని నరానికి దూరమయ్యాక పన్నుతో సహా తీస్తారట. అప్పటిదాకా జొన్నరొట్టె, శనక్కాయలు బంద్, సిస్టు వల్ల బలహీనపడ్డ దవడ విరగొచ్చు. చల్లారిన సంగటి పర్లేదు.

తిరగబెట్టేవి ఎక్కువగా మొదటి 5 ఏళ్లలోనే, కాబట్టి ఏటా ఓపీజీ తప్పదు. కింది పెదవి తిమ్మిరెక్కితే మాత్రం ఏటా తీసే ఆ ఓపీజీ దాకా ఆగకుండా డాక్టరుకి చూపించాలి.