అప్‌డేట్: జహంగీర్ బొమ్మలో రెక్కల పిల్లలు
జహంగీర్ ఇసుక గడియారం మీద కూర్చున్న బొమ్మలో రెక్కల పిల్లలేంటి, తర్వాత ఎవరైనా కలిపారా అని పోయిన వారం అడిగాను కదా. కలపలేదు. ఆ బొమ్మ జహంగీర్ ఆస్థాన చిత్రకారుడు బిచిత్ర్ పనే, 1615-18 ప్రాంతంది. 1580లో జెసూట్ పాదరీలు ఫతేపూర్ సిక్రీలో అక్బర్‌కు యూరప్‌లోని ఆంట్‌వెర్ప్‌లో అచ్చయిన, బొమ్మలున్న బైబిల్ ఇచ్చారు. అలాంటి అచ్చుబొమ్మలు చూసే ఆస్థాన చిత్రకారులు ఈ పిల్లల్ని నేర్చుకున్నారు.

జూమ్ చేస్తే ఇంకోటి దొరికింది. కింద ఎడమవైపు ఇంగ్లండ్ రాజు జేమ్స్! జహంగీర్ ముఖం పక్క నుంచే కనిపిస్తే, ఈయన మాత్రం యూరప్ పద్ధతిలో కాస్త మనవైపు తిరిగి ఉన్నాడు. పాదుషా ఆయన్ని చూడనైనా చూడడు, పుస్తకం సూఫీకి ఇస్తున్నాడు. ఆ మూలనే, జేమ్స్ కింద, బిచిత్ర్ తనను తానూ వేసుకున్నాడు. గడుసువాడే!