‘తల్వార్’లో కాంపౌండర్‌ని అలా చూపించడం న్యాయమేనా?

పద్మజ_ఖమ్మం
మొన్న హిందీ సినిమా ‘తల్వార్’ మళ్లీ చూశాను. కేసు గుర్తులేనివాళ్ల కోసం క్లుప్తంగా చెప్తాను. 2008 మేలో నోయిడా జలవాయు విహార్‌లో ఆరుషి అనే 13 ఏళ్ల అమ్మాయి, ఆ ఇంట్లో పనిచేసే హేమ్‌రాజ్ ఒకే రాత్రి హత్యకు గురయ్యారు. తల్లిదండ్రులిద్దరూ డెంటిస్టులు. 2013 నవంబరులో ఘాజియాబాద్‌లోని సీబీఐ కోర్టు వాళ్లకి యావజ్జీవం వేసింది. వాళ్లు దాస్నా జైల్లో ఉండగానే, 2015 అక్టోబరు 2న ఈ సినిమా వచ్చింది. దర్శకత్వం మేఘనా గుల్జార్, రచన విశాల్ భరద్వాజ్. 2017 అక్టోబరులో అలహాబాద్ హైకోర్టు ఇద్దరినీ విడుదల చేసింది.

సినిమా ఈ హత్యల్ని మూడు రకాలుగా చూపిస్తుంది. పోలీసుల కథ ఒకటి, దర్యాప్తు సంస్థ మొదటి బృందం కథ ఒకటి, రెండో బృందం కథ ఒకటి. మూడూ చూపించారు కాబట్టి నిష్పక్షపాతం అంటారు. కానీ మొదటి బృందం కథని నడిపించేది ఇర్ఫాన్ ఖాన్. మనం ఆయన వెంటే నడుస్తాం, ఆయన అనుమానించినవాణ్ణే అనుమానిస్తాం. అలా అనుమానించేది డాక్టరు గారి కాంపౌండర్‌ని. నిజం కేసులో ఆ కాంపౌండర్ మీద ఛార్జిషీటే వేయలేదు. 2008 జూన్‌లో అరెస్టు చేశారు, గడువులోపల ఛార్జిషీటు వేయలేక సెప్టెంబరుకల్లా బెయిల్ మీద వదిలేశారు. అలాంటి మనిషిని హంతకుడిగా నటింపజేసి చూపించడం న్యాయమేనా? ఇది నిజంగా అడుగుతున్న ప్రశ్న.

వాసు_తెనాలి
న్యాయమే. ఆ సినిమా రాకముందు దేశమంతా ఆ తల్లిదండ్రుల గురించి ఏం మాట్లాడుకుందో మర్చిపోయారా? మొదటిరోజు పోలీసులు టెర్రస్ తలుపు తాళం కూడా పగలగొట్టలేదు. హేమ్‌రాజే చంపి పారిపోయాడని ప్రకటించారు. మర్నాడు చూస్తే అతని శవం అదే టెర్రస్ మీద ఉంది. ఈలోపు ఇల్లంతా ఇరుగుపొరుగు, మీడియా తొక్కేసి ఏ ఆధారమూ మిగల్చలేదు. వారం తిరిగేసరికి తండ్రిని అరెస్టు చేసి ప్రెస్‌మీట్ పెట్టారు. చనిపోయిన పిల్ల పేరు కూడా సరిగా పలకలేక శ్రుతి అన్నాడు ఆ అధికారి. ఆ నోటితోనే ఆ పిల్ల క్యారెక్టర్ గురించి మాట్లాడాడు. సినిమాలో అమ్మాయికి శ్రుతి అనే పేరే పెట్టారు, గమనించారా?

ఇంత బురద చల్లాక దాన్ని కడగడానికి ఎవరో ఒకరు గట్టిగా నిలబడాలి. సినిమా ఆ పని చేసింది. ఇక కాంపౌండర్ సంగతి. అతని గదిలో దొరికిన దిండు గలీబు మీద హేమ్‌రాజ్ డీఎన్ఏ ఉందని మన హైదరాబాద్ ల్యాబే రిపోర్టు ఇచ్చింది. తర్వాత టైపింగ్ పొరపాటు అని తుడిచేశారు. అంతకన్నా ఏం కావాలి?

చందు_వైజాగ్
ఇర్ఫాన్, కొంకణా సేన్ కోసం ఎన్నిసార్లైనా చూస్తాను. స్క్రీన్‌ప్లేకి నేషనల్ అవార్డు ఊరికే రాలేదు.

సీతారాం_తార్నాక
వాసు గారూ, "తుడిచేశారు" అన్నారే, ఆ మాట దగ్గర ఆగుదాం. నేను ల్యాబుల్లో పనిచేసినవాణ్ణి. సీడీఎఫ్‌డీ, అంటే మీరన్న హైదరాబాద్ ల్యాబ్, 2008 నవంబరులో ఇచ్చిన రిపోర్టులో ఊదారంగు దిండు గలీబు కాంపౌండర్ గదిదిగా రాసి ఉంది. 2011 మార్చిలో వాళ్లే లేఖ రాశారు: రెండు ఎగ్జిబిట్ల (పరీక్షకి పంపిన కేసు వస్తువుల) వివరాలు తారుమారయ్యాయి, హేమ్‌రాజ్ డీఎన్ఏ ఉన్నది హేమ్‌రాజ్ గదిలోని గలీబు మీదే అని. ఒక మనిషి దిండు మీద ఆ మనిషి డీఎన్ఏ ఉండటంలో వింతేముంది?

పరీక్ష చేసేవాడికి ఎవరి గది, ఎవరి దిండు అనేది కనిపించదు. నంబరు కనిపిస్తుంది. నంబరు పక్కన వివరం టైప్ చేసేది వేరేవాళ్లు కావచ్చు. అక్కడ రెండు వరుసలు తారుమారైతే ఫలితం సరైనదే ఉంటుంది, పేరు తప్పవుతుంది. ఇది ఏ ల్యాబులోనైనా జరుగుతుంది.

వాసు_తెనాలి
జరుగుతుంది సరే, ఎప్పుడు బయటపడింది? రెండేళ్లు దాటాక. అదీ డిఫెన్స్ వాళ్లు ఆ రిపోర్టు పట్టుకుని హైకోర్టుకి వెళ్లి అడిగాక. వాళ్లు అడగకపోతే ఆ పొరపాటు అలాగే ఫైల్లో ఉండేదా? రెండు హత్యల కేసులో రిపోర్టు సంతకానికి ముందు ఇంకొకరు చదవరా?

సీతారాం_తార్నాక
ఆలస్యం తప్పే. ఆలస్యం వేరు, కుట్ర వేరు. నేను చేసిన ఒక డయాగ్నొస్టిక్ సెంటర్‌లో ఇద్దరు పేషెంట్ల రిపోర్టులు తారుమారయ్యాయి. టైప్ చేసిన కుర్రాడు డబ్బు తీసుకుని మార్చాడని ఒక కుటుంబం గొడవ చేసింది. యాజమాన్యం విచారణ కూడా చేయకుండా అతన్ని తీసేసింది. రాత్రి డ్యూటీ చేసి, పగలు ఇంకొకరి డ్యూటీ కూడా తలకెత్తుకున్న కుర్రాడు. ఆ తర్వాత వాడికి ఆ ఊళ్లో ఏ ల్యాబూ పని ఇవ్వలేదు. మీరు ఇక్కడ తేలిగ్గా "తుడిచేశారు" అని రాస్తే అలాంటివాళ్ల బతుకులే పోతాయి.

పద్మజ_ఖమ్మం
మీరిద్దరూ దిండు దగ్గరే ఉండిపోయారు. నేను అడిగింది సినిమా గురించి. సినిమాలో కాంపౌండర్ మీద అనుమానం బలపడేది దేనితో? నార్కో టెస్టుతో. మత్తులో ఉన్న మనిషి నవ్వుతూ ఏదేదో చెప్తుంటే చూస్తున్న మనకి ఒళ్లు గగుర్పొడుస్తుంది. ఇక వీడే అని మనసులో ముద్ర పడిపోతుంది. 2010 మేలో సుప్రీంకోర్టు సెల్వి కేసులో ఏం చెప్పింది? మనిషి ఇష్టం లేకుండా నార్కో, పాలీగ్రాఫ్, బ్రెయిన్ మ్యాపింగ్ చేయకూడదు అంది. ఇష్టపడి చేయించుకున్నా ఆ ఫలితాన్నే సాక్ష్యంగా తీసుకోకూడదు అంది. కోర్టు గడప దాటని దాన్ని ఐదేళ్ల తర్వాత థియేటర్లో సాక్ష్యంలా ఆడించారు.

అడ్వకేట్_మురళి
చిన్న చేర్పు. కింది కోర్టులో శిక్ష పడటానికి ముఖ్య కారణం సాక్ష్యాధార చట్టం సెక్షన్ 106. ఇంట్లో నలుగురున్నారు, ఇద్దరు చనిపోయారు, మిగిలిన ఇద్దరే జవాబు చెప్పాలి అనే వాదన. హైకోర్టు దాన్ని ఒప్పుకోలేదు. బయటివాళ్లు లోపలికి వచ్చే అవకాశం లేదని ప్రాసిక్యూషన్ ముందు నిరూపించాలి, ఆ తర్వాతే భారం వీళ్ల మీదికి వస్తుంది. బెనిఫిట్ ఆఫ్ డౌట్ ఇచ్చారు. తీర్పులో కింది కోర్టు జడ్జిని సినిమా డైరెక్టర్‌తోనూ లెక్కల మాస్టారితోనూ పోల్చి మందలించారు.

వాసు_తెనాలి
చూశారా? జడ్జే సినిమా తీసినట్టు తీర్పు రాస్తే, సినిమావాళ్లు జవాబుగా ఇంకో సినిమా తీస్తే తప్పేంటి?

పద్మజ_ఖమ్మం
తప్పే. లేని కథని జడ్జి అల్లినందుకు హైకోర్టు తప్పు పట్టింది. అదే పని కాంపౌండర్ విషయంలో సినిమా చేస్తే మెచ్చుకోవాలా?

వాసు_తెనాలి
పద్మజ గారూ, మీరు పుస్తకం మాట్లాడుతున్నారు. మా పెద్దమ్మ కూతురు ఇంటర్ చదువుతుండగా బావిలో పడి చనిపోయింది. కాలు జారింది, అంతే. మూడోరోజుకి లోకల్ ఛానల్లో దాని ఫొటో వేసి పక్కన ప్రశ్నార్థకం పెట్టారు. ఎవరితో మాట్లాడేది, ఫోన్‌లో ఏముంది అని. మా పెదనాన్నని స్టేషన్‌కి పిలిపించి రాత్రంతా కూర్చోబెట్టారు. ఆయన జనం ముందు ఏడవలేదు. "కన్నకూతురు పోతే కంట్లో తడి లేదు" అన్నారు వీధిలో. నోయిడా తల్లి టీవీలో కన్నీళ్లు పెట్టకుండా మాట్లాడిందని దేశమంతా అన్నది కూడా అదే. మా పెదనాన్న తరఫున ఎవరూ సినిమా తీయలేదు. ఆయన ఆ మాట మోస్తూనే పోయారు. అందుకే ఆ సినిమా ఒక పక్షం తీసుకుందంటే నాకు బాధ లేదు. తీసుకోవాలి. మధ్యలో నిలబడి చెప్పి ఉంటే ఎవరూ వినేవాళ్లు కాదు.

పద్మజ_ఖమ్మం
మీ పెదనాన్న గారికి జరిగింది ఘోరం. కానీ అది చెప్పి నా నోరు మూయించకండి. నేనూ పుస్తకం మాట్లాడటం లేదు. మా అమ్మ హైదరాబాద్‌లో ఇళ్లల్లో పనిచేసి నన్ను చదివించింది. ఒక ఇంట్లో గొలుసు పోయింది. ఆ ఇంటికి చుట్టాలు వచ్చి ఉన్నారు, పెయింటర్లు వచ్చి వెళ్లారు. పిలిచింది మా అమ్మని ఒక్కదాన్నే. స్టేషన్లో కొట్టారు. కేసు కట్టలేదు, కట్టడానికి ఏమీ లేదు కాబట్టి వదిలేశారు. ఆ గొలుసు ఈ రోజుకీ దొరకలేదు. ఆ అపార్టుమెంట్లో ఎవరూ మళ్లీ పని ఇవ్వలేదు.

ఇప్పుడు నా మాట వినండి. డాక్టర్ దంపతుల మీద కేసు నడిచింది, శిక్ష పడింది, పైకోర్టు కొట్టేసింది. వాళ్ల చేతిలో "మీరు చేశారని నిరూపణ కాలేదు" అనే కాగితం ఉంది. కాంపౌండర్ చేతిలో ఏముంది? కేసే లేనివాణ్ణి ఏ కోర్టు నిర్దోషి అంటుంది? మా అమ్మకి కూడా అంతే, ఎక్కడికి వెళ్లి తీర్పు తెచ్చుకుంటుంది? సినిమా మాత్రం ఓటీటీలో ఉంటుంది. ఎవరు చూసినా అతని మొహమే గుర్తుంటుంది.

చందు_వైజాగ్
పేర్లు మార్చారు కదండీ. హేమ్‌రాజ్‌ని ఖేమ్‌పాల్ చేశారు, సీబీఐని సీడీఐ చేశారు.

పద్మజ_ఖమ్మం
ఎవరు ఎవరో తెలియనివాళ్లున్నారా? మీకు తెలియలేదా?

వాసు_తెనాలి
అయితే మీ లెక్కలో ఎవరు చంపినట్టు? తల్లిదండ్రులు కాదు, కాంపౌండర్ కాదు. గాలి వచ్చి చంపిందా? ఎవరో ఒకరు చేశారు కదా!

పద్మజ_ఖమ్మం
ఇదీ అసలు గొడవ. మీకు దోషి కావాలి. ఒకరిని విడిపించాలంటే ఇంకొకరిని ఆ స్థానంలో కూర్చోబెట్టాలి అనుకుంటున్నారు. హైకోర్టు అలా చేయలేదు. వీళ్లు చేశారనడానికి ఆధారం చాలదు అని అక్కడ ఆగింది. మొదటిరోజు పోలీసులు చేసిందీ మీరు అంటున్నదే, ఎవరో ఒకరు కావాలి కాబట్టి కనిపించని పనివాడి మీద పెట్టారు. చచ్చిపడి ఉన్నవాడి మీద!

సీతారాం_తార్నాక
పద్మజ గారి మాటకి నా ఓటు. వాసు గారూ, ఆ "తుడిచేశారు" అన్నది మాత్రం మీరింకా వెనక్కి తీసుకోలేదు.

వాసు_తెనాలి
తీసుకోను. పద్మజ గారూ, మీ అమ్మగారి విషయంలో నాకు గౌరవం ఉంది. కానీ ఇద్దరు జైల్లో ఉండగా ఒక దర్శకురాలు వేచి చూస్తూ కూర్చోవాలనడం నాకు సమ్మతం కాదు. ఆ రోజు కటకటాల వెనక ఉన్నది వాళ్లు, కాంపౌండర్ కాదు. సినిమా తీసేటప్పుడు ముందు వాళ్లనే చూడాలి.

అడ్వకేట్_మురళి
ఇద్దరూ ఒకరిని వదిలేశారు. విడుదల తీర్పు మీద 2018లో సుప్రీంకోర్టు విచారణకి తీసుకున్నది సీబీఐ అప్పీలు ఒక్కటే కాదు. హేమ్‌రాజ్ భార్య కూడా వెళ్లింది. నా భర్తని ఎవరు చంపారో తేల్చండి అని ఆమె అడుగుతోంది.

పద్మజ_ఖమ్మం
మురళి గారూ, ఆమె వైపు నుంచి ఒక్క సినిమా అయినా వచ్చిందా? అదే ఏడాది వచ్చిన ‘రహస్య’ కూడా ఇంటివాళ్ల చుట్టూ తిరిగేదే. వాసు గారూ, మీరు ఒకరి పక్షం తీసుకోవాల్సిందే అంటున్నారు కాబట్టి అడుగుతున్నాను, ఆమె పక్షం ఎవరు తీసుకుంటారు?

వాసు_తెనాలి
తీయమనండి. మొదటి టికెట్ నేనే కొంటాను. కానీ ‘తల్వార్’ తప్పని మాత్రం ఒప్పుకోను.