అబర్‌మ్యూల్, 1921: తంతి కాలమే నయమా?

బెజవాడ జంక్షన్:
1921 జనవరి 26న వేల్స్‌లోని అబర్‌మ్యూల్ దగ్గర సింగిల్ లైన్ (రాకపోకలకు ఒకే పట్టాల దారి) మీద ఒక ప్యాసింజరు బండి, ఒక ఎక్స్‌ప్రెస్ ఎదురెదురుగా గుద్దుకుని 17 మంది చనిపోయారు. అక్కడ ఉన్నది టైయర్ టాబ్లెట్ యంత్రం. సెక్షన్‌కు, అంటే రెండు స్టేషన్ల మధ్య దారికి, ఒకసారి ఒక్క టాబ్లెట్టే (స్టేషన్ల పేర్లున్న బిళ్ళ) బయటికి వస్తుంది, అది చేతికి రానిదే డ్రైవరు బండి కదపకూడదు. ఇంత పకడ్బందీ యంత్రం ఉండి కూడా ప్రమాదం జరిగిందంటే, బండి వదలడానికి స్టేషన్లు తంతిలో కబురు పంపుకుని, రెండు స్టేషన్ల రిజిస్టర్లలో మాటకు మాట నమోదయ్యే తంతి పద్ధతే నయమని నా వాదన.

గుంతకల్లు పాతకాపు:
అలాగైతే 1874లో ఇంగ్లండులోని నార్విచ్ దగ్గర, థార్ప్‌లో జరిగినదేమిటండీ? అధికారి సంతకం లేని కబురును గుమాస్తా తంతిలో పంపేశాడు. దాన్ని నమ్మి అటు నుంచి మెయిలును వదిలారు, ఇటు నుంచి ఎక్స్‌ప్రెస్ కూడా వెళ్ళిపోయింది. మెయిలును ఆపమని మళ్ళీ తంతి కొట్టేసరికి అది బయలుదేరిందని జవాబు వచ్చింది. టైయర్ తన యంత్రాన్ని తయారుచేసింది ఆ దుర్ఘటన తరువాతనే. నేను నీల్స్ బాల్ టోకెన్ యంత్రం ముందు ముప్పై ఏళ్ళకు పైగా పనిచేశాను. అందులో టాబ్లెట్‌కు బదులు ఇనుప బంతి ఉంటుంది, అవతలి స్టేషన్ ఒప్పుకోనిదే అది బయటికి దొర్లదు. తంతికి ఆ అడ్డు లేదు.

బెజవాడ జంక్షన్:
థార్ప్‌లో తప్పు తంతిది కాదు, సంతకానిది. సంతకం లేనిదే కబురు పంపకూడదన్న నియమాన్ని పాటించి ఉంటే ఆ ప్రమాదమే లేదు.

రైలు సందేహి:
అబర్‌మ్యూల్‌లో ఆ యంత్రాలు సిగ్నల్ క్యాబిన్‌లో కాక స్టేషన్ భవనంలో ఉండేవి, నలుగురూ ముట్టుకునేవారు. ఆ సంగతి ఎవరూ ఎత్తరేం?

గుంతకల్లు పాతకాపు:
ఎత్తుతాను. స్టేషన్ మాస్టరు సెలవులో ఉన్నాడు. మాంట్‌గోమరీ నుంచి వచ్చిన ప్యాసింజరు బండి టాబ్లెట్‌ను ఒక కుర్రవాడు తెచ్చి రిలీఫ్ స్టేషన్ మాస్టరుకు ఇచ్చాడు. ఆయన దాన్ని ముందున్న న్యూటౌన్ సెక్షన్‌ టాబ్లెట్ అనుకుని, చదవకుండా అదే డ్రైవరుకు తిరిగి అందించాడు. డ్రైవరూ చదవలేదు, ఫైర్‌మనూ చదవలేదు. చదవడానికి బద్ధకించినవాళ్ళు సంతకం మాత్రం చూస్తారా? మీ సంతకం గోల ఇక ఆపండి.

బెజవాడ జంక్షన్:
గోల అనకండి. మా నాన్నగారు ఒక చిన్న స్టేషన్‌లో పనిచేసేవారు. ఒక రాత్రి టోకెన్ యంత్రం చెడిపోతే, బండ్ల రాకపోకలు చూసే కంట్రోలు ఆఫీసు నుంచి ఫోను మీద ఫోను చేసి తొందరపెట్టిన మీదట ఆయన కాగితం మీద లైన్ క్లియర్ (ముందు స్టేషన్ దాకా వెళ్ళే అనుమతి) రాసిచ్చారు. అందులో ఒక అంకె తప్పిందని ఆయన ఇంక్రిమెంటు ఆపారు. తొందరపెట్టిన మాట ఏ రిజిస్టరులోనూ లేదు కనుక అది జరగనట్టే అయింది. థార్ప్‌లో శిక్ష పడింది అధికారికి, గుమాస్తా నిర్దోషిగా బయటపడ్డాడు. కింది ఉద్యోగిని కాపాడేది కాగితమే. అబర్‌మ్యూల్‌లో ఆ నిమిషం ఎవరు ఏమన్నారో రాసిపెట్టిన కాగితం ఏదీ?

గుంతకల్లు పాతకాపు:
ఇంతసేపూ మీరు అడుగుతున్నది బండి భద్రత కాదు, బండి గుద్దుకున్నాక ఉద్యోగి భద్రతన్నమాట. అది ముందే చెప్పి ఉంటే నాకు ఇంత కోపం వచ్చేది కాదు. అయినా నా మాట మారదు. ఆ 17 మందికి కాగితం దేనికి పనికొస్తుంది?

ఇంకొక సంగతి ఒప్పుకుంటాను. ఒక వాన రాత్రి నా బల్ల మీద రెండు తోలు సంచులు పక్కపక్కనే ఉండగా, వెనుక సెక్షన్ బంతి ఉన్న సంచినే వెదురు రింగుకు తగిలించి డ్రైవరుకు అందించాను. ఆయన లాంతరు ఎత్తి బంతి మీద స్టేషన్ల పేర్లు చదివి, నన్ను తిట్టి, సంచి నా కాళ్ళ దగ్గర పడేశాడు.

బెజవాడ జంక్షన్:
ఆయన మీ మీద రిపోర్టు రాశారా?

గుంతకల్లు పాతకాపు:
రాయలేదు. ఆ రాత్రి గురించి ఏ రిజిస్టరులోనూ ఒక్క ముక్క లేదు.