చిన్న సోషల్ యాప్‌కి ఆదాయం ఎలా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

నేనూ నా స్నేహితుడూ కలిసి పక్షుల ఫోటోలు తీసేవాళ్ల కోసం ఒక మొబైల్ యాప్ చేశాం. ఫోటో పెట్టడం, అది ఏ పక్షో అడగడం, ఒకరినొకరు ఫాలో అవడం, అంతే. నాలుగు వేల మంది దాకా చేరారు. సంతోషమే గానీ ఫోటోలు పెరిగేకొద్దీ సర్వర్ ఖర్చు మా జేబులోంచే పోతోంది.

ప్రకటనలు పెట్టి చూశాం. ఇంత తక్కువ మందితో వచ్చేది టీ ఖర్చులకే సరి. పైగా నచ్చే ప్రకటనలు చూపాలని జనం వేరే యాప్‌లలో ఏం చేస్తున్నారో గమనించడానికి (ట్రాకింగ్‌కి) 2021 నుంచి ఐఫోన్‌లో వాళ్ల అనుమతి అడగాలి కదా, ఎవరు ఒప్పుకుంటారు? చందా పెడదామంటే జనం వెళ్లిపోతారేమోనని టెన్షన్. వాట్సాప్ అంతటిది కూడా ఏడాదికి ఒక డాలరు చందాను 2016లో ఎత్తేసింది. అయితే దాన్ని 2014లోనే ఫేస్‌బుక్ కొనేసింది, మమ్మల్ని ఎవరు కొంటారు!

యాప్ ఉచితంగానే ఉంచి, పెద్ద సైజు ఫోటోలు దాచుకోవడానికి మాత్రమే డబ్బు తీసుకుంటే నడుస్తుందా? యాప్ స్టోర్ కమీషన్ పోగా ఏమైనా మిగులుతుందా? ఇలాంటిది నడిపినవాళ్లు ఎవరైనా ఉంటే, వందలో ఎంతమంది డబ్బు కట్టారో కాస్త చెప్పండి.