రీసెంట్స్‌లో యాప్‌లన్నీ తుడిచేస్తే బ్యాటరీ మిగులుతుందా?

కర్నూలు_కుర్రోడు:
ఆఫీసులో ఇదే గొడవ. నేను ఫోన్ చేతిలోకి తీసుకున్నప్పుడల్లా రీసెంట్స్‌లోకి, అంటే ఈమధ్య తెరిచిన యాప్‌ల లిస్టులోకి వెళ్లి 'క్లియర్ ఆల్' కొట్టేస్తా. పక్క సీటు అన్న మాత్రం, అలా చేస్తే బ్యాటరీ ఇంకా తొందరగా అయిపోతుందని వాదిస్తాడు. నాది ఆరు జీబీ ర్యామ్ ఫోను, అయినా సాయంత్రానికి చార్జర్ వెతుక్కోవాల్సి వస్తోంది. ఇంతకీ ఎవరు చెప్పేది నిజం?

సీమ_మెకానిక్:
తుడిచేయి తమ్ముడూ, ఇందులో చర్చ ఏముంది? కడపలో ఫోన్ల రిపేరు షాపు నాది. రీసెంట్స్ నిండా యాప్‌లు పెట్టుకుని 'వేడెక్కుతోందన్నా, స్లో అయిందన్నా' అని వచ్చేవాళ్లను రోజూ చూస్తుంటా. అవన్నీ మూసి చేతికిస్తే మురిసిపోయి వెళ్తారు.

అనంత_డెవలపర్:
అన్నా, మీ అనుభవాన్ని కాదనను. కానీ రీసెంట్స్‌లో కనిపించేవి చాలావరకు నడుస్తున్న యాప్‌లు కావు, మీరు చివరిసారి చూసిన పేజీల ఫొటోలు. వెనక ఉన్న ప్రాసెస్, అంటే యాప్ నడిచే భాగం, ర్యామ్ అనే తాత్కాలిక మెమరీలో పడుకుని ఉంటుంది. ప్రాసెసర్‌తో దానికి పని ఉండదు. ఆండ్రాయిడ్ 11 నుంచి ఇలాంటి వాటిని పూర్తిగా గడ్డకట్టించే ఏర్పాటు కూడా వచ్చింది.

ర్యామ్ నిండితే కరెంటు ఎక్కువ కాలుతుందనేది చాలామంది నమ్మకం. ర్యామ్ చిప్‌కు ఎప్పటికప్పుడు రిఫ్రెష్ కావాల్సిందే. దానికయ్యే ఖర్చు నిండుగా ఉన్నా ఖాళీగా ఉన్నా దాదాపు ఒకటే. ఖాళీగా ఉంచిన ర్యామ్ అద్దెకివ్వని గది లాంటిది, పైసా లాభం లేదు.

చోటు చాలకపోతే లో మెమరీ కిల్లర్ అని ఒకటి ఉంది, అది చూసుకుంటుంది. ప్రతి ప్రాసెస్‌కూ ఒక స్కోరు ఉంటుంది. తెర మీద ఉన్నదాన్ని, పాట వినిపిస్తున్నదాన్ని అంత సులువుగా ముట్టదు. ఎప్పుడో వాడి వదిలేసినవి ముందు పోతాయి. మీరు చేత్తో చంపిన యాప్‌ను మళ్లీ తెరిస్తే, అంతా స్టోరేజీ నుంచి మొదటి నుంచీ లోడ్ కావాలి. ఆ పనికి ప్రాసెసర్ గట్టిగా తిరుగుతుంది. పక్క సీటు అన్న చెప్పేది ఈ సంగతే.

2016లో ఒక కస్టమర్ యాపిల్ అప్పటి అధిపతి టిమ్ కుక్‌కు ఈమెయిల్ రాసి ఇదే అడిగితే, అక్కడ సాఫ్ట్‌వేర్ చూసే క్రెయిగ్ ఫెడెరిఘి అవసరం లేదని జవాబిచ్చారు. అదే సమయంలో అప్పటి ఆండ్రాయిడ్ అధిపతి హిరోషి లాక్‌హైమర్ కూడా దీనివల్ల లాభం లేదు, కాస్త నష్టమే కావచ్చన్నారు.

సీమ_మెకానిక్:
అమెరికాలో ఖరీదైన ఫోన్లు పట్టుకుని చెప్పిన మాటలవి. మ్యాప్‌లో దారి పెట్టుకుని, ఊరు చేరాక హోమ్ బటన్ నొక్కి జేబులో పెట్టుకుంటారు. జీపీఎస్ అలాగే నడుస్తుంటుంది. ఇదీ ఫొటోనేనా?

అనంత_డెవలపర్:
అది మాత్రం నిజంగా నడుస్తున్నదే. నావిగేషన్, పాటలు, కాల్ రికార్డింగ్ లాంటివి పైన నోటిఫికేషన్ చూపిస్తూ పనిచేస్తాయి. అక్కడే ఆపేస్తే సరిపోతుంది. ఒకదాని కోసం ముప్పై యాప్‌లు తుడవడం దేనికి?

చీనీ_తోట:
మాది కళ్యాణదుర్గం దగ్గర. బోరు మోటారుకు ఫోన్‌తోనే ఆన్, ఆఫ్ చేసే సెల్ స్టార్టర్ పెట్టించినాం. కరెంటు వచ్చినా, మోటారు ట్రిప్ అయినా యాప్‌లో మెసేజ్ రావాల. మా పిల్లోడు ఫోన్ తీసుకుని అన్నీ తుడిచేస్తే ఇంక ఒక్క మెసేజ్ రాదు. నీళ్లు పారుతున్నాయనుకుని నేను ఇంట్లోనే కూర్చుంటా, మోటారేమో ఆగిపోయి ఉంటుంది. ఇది బ్యాటరీ సమస్య కాదప్పా, చెట్ల సమస్య.

అనంత_డెవలపర్:
ఈ చర్చలో అసలు పాయింట్ మీదే. మామూలు ఆండ్రాయిడ్‌లో తుడిచినా యాప్‌కు మెసేజ్ వస్తే మళ్లీ లేస్తుంది. చాలా యాప్‌ల మెసేజ్‌లు గూగుల్ వాళ్ల ఒకే కనెక్షన్ మీద వస్తాయి కాబట్టి ప్రతి యాప్ విడిగా మేలుకుని ఉండాల్సిన పని లేదు. 'ఫోర్స్ స్టాప్' వేరే సంగతి. అది కొడితే మీరు మళ్లీ చేత్తో తెరిచేదాకా ఆ యాప్‌కు ఏ కబురూ అందదు. కొన్ని కంపెనీల ఫోన్లలో రీసెంట్స్‌లో తుడవడమూ ఫోర్స్ స్టాప్‌తో సమానమే. బ్యాటరీ ఎక్కువ వస్తుందని చెప్పుకోవడానికి వాళ్లు ఎంచుకున్న దారి ఇది. నాకైతే ఇది మోసంలాగే కనిపిస్తుంది.

ఆ యాప్ సెట్టింగుల్లో బ్యాటరీని 'అన్‌రెస్ట్రిక్టెడ్' చేయండి. 'ఆటోస్టార్ట్' ఉంటే ఆన్ చేయండి. రీసెంట్స్‌లో దాని కార్డుకు తాళం గుర్తు పెట్టే వీలుంటే పెట్టండి, అప్పుడు క్లియర్ ఆల్ కొట్టినా పోదు.

సీమ_మెకానిక్:
అంటే ఆ ఫోన్లలో తుడిస్తే బ్యాటరీ మిగులుతుందని నువ్వే ఒప్పుకున్నట్టు కదా! నేను చెప్పిందీ అదే.

అనంత_డెవలపర్:
మిగలొచ్చు, మెసేజ్‌లు పోగొట్టుకుని. ఫోన్ స్విచాఫ్ చేస్తే ఇంకా మిగులుతుంది. పైగా 2015లో ఆండ్రాయిడ్ 6తో డోజ్ అనే బ్యాటరీ పొదుపు ఏర్పాటు వచ్చింది. తెర ఆరి, ఫోన్ కదలకుండా పడి ఉంటే యాప్‌ల నెట్ పనులన్నీ ఆపి, అప్పుడప్పుడు ఒక్కసారిగా చేసుకోనిస్తుంది. 2018లో ఆండ్రాయిడ్ 9 వచ్చాక మీరు అరుదుగా తెరిచే యాప్‌కు వెనక పనిచేసుకునే అవకాశం ఫోన్ అరుదుగానే ఇస్తుంది. మనం చేత్తో చేయాలనుకునే పని అది చేస్తూనే ఉంది.

కర్నూలు_కుర్రోడు:
ఇదంతా సరే, మరి నా చార్జింగ్ ఎక్కడికి పోతోంది?

టవర్_డ్యూటీ:
మీ ఆఫీసులో సిగ్నల్ ఎన్ని గీతలు? సెల్లార్‌లోనో, గోడల మధ్యనో ఉంటే టవర్‌ను అందుకోవడానికి ఫోన్ పవర్ పెంచి కొడుతూనే ఉంటుంది. జేబులో ఊరికే ఉన్నా చార్జింగ్ తగ్గేది అందుకే. వైఫై ఉంటే దానికి కలిపి, వైఫై కాలింగ్ ఆన్ చేసుకోండి. ఇక మే నెల ఎండలో బయటికొస్తే ఆటో బ్రైట్‌నెస్ ఫుల్లుకు వెళ్తుంది. తెర తినేదాని ముందు ఈ రీసెంట్స్ లెక్క ఎంత?

ఇంకోటి, వేడి. ఐఫోన్‌ను 35 డిగ్రీల లోపు వాతావరణంలో వాడమని యాపిలే చెబుతుంది. మన దగ్గర ఎండాకాలం నలభై దాటుతుంది. బైక్ ట్యాంకు మీదో, కారు డ్యాష్‌బోర్డు మీదో పెట్టి చార్జ్ చేస్తే లిథియం బ్యాటరీ కెపాసిటీ శాశ్వతంగా తగ్గిపోతుంది. ఏ క్లియర్ ఆలూ దాన్ని వెనక్కి తేదు.

సీమ_మెకానిక్:
వేడి మాట నూటికి నూరు శాతం కరెక్ట్, ఉబ్బిన బ్యాటరీలు నేనూ చూస్తుంటా. కానీ రెండు జీబీ ఫోన్ల సంగతి ఎవరూ మాట్లాడరేం? వాటిలో తుడవకపోతే కెమెరా కూడా తెరుచుకోదు.

అనంత_డెవలపర్:
పెద్ద గేమో కెమెరానో తెరిచే ముందు అంత చిన్న ఫోన్లో తుడిస్తే స్పీడ్‌కు పనికొస్తుంది, ఆ మాట నేను కాదనను. కుర్రోడు అడిగింది బ్యాటరీ గురించి. తమ్ముడూ, సెట్టింగుల్లో బ్యాటరీ వాడకం లిస్టు స్క్రీన్‌షాట్ తీసి పెట్టు. పైన ఏ యాప్ ఉందో చూసి మాట్లాడదాం.

కర్నూలు_కుర్రోడు:
చూశా. మొదటిది రీల్స్ యాప్. రెండోది తెర. స్క్రీన్‌షాట్ మాత్రం పెట్టను, ఈ ఫోరంలో మా మేనేజరు కూడా ఉన్నాడు.